చేతి క్లాసు

తిరువళ్ళూరులో లోకల్ బండి ఎక్కినప్పుడు పెట్టె సగం ఖాళీగానే ఉండింది. అయినా పాల్‌రాజ్ కూచోలేదు. రాత్రంతా కాక్కలూరు కంపెనీలో ప్రెస్సు మిషను ముందర నిలబడి మోకాళ్ళు పీక్కపోతా ఉండాయి. కూచుంటే నిద్ర పడతాది, నిద్ర పడితే కోపం చల్లారతాది. కోపం చల్లారినాక పాప చదివే పళ్ళికూడంలో పోయి ఏం మాట్లాడేది? అందుకని వాకిలి కాడ కమ్మీ పట్టుకున్నాడు. కడంబత్తూరు వచ్చేలోపల ఈ వాకిలికీ ఆ వాకిలికీ మధ్య తిరగతానే ఉండినాడు. పూలగంప పక్కన కింద కూచోనుండిన ముసలామె చూసి చూసి అడిగింది.

"ఏమప్పా, కడుపులో ఏమన్నా నొప్పా?"

"నొప్పే" అన్నాడు.

"సోడా తాగు."

సోడా తాగితే పోయేది కాదు అది. పాల్‌రాజ్‌కి ఒక్కతే కూతురు, షర్మిల. తిరుత్తణిలో ఒక ప్రైవేటు పళ్ళికూడంలో అయిదో తరగతి. ఈ ఏడు పళ్ళికూడం తెరిచినప్పుడు కొత్త పద్ధతి అని గేటు మీద బ్యానరు కట్టినారు. పిల్లలందరూ ఒకే మాదిరి నేర్చుకోరంట. కొందరికి కంటితో చూస్తే ఎక్కుతాదంట, కొందరికి చెవితో వింటే, కొందరికి చేత్తో చేస్తే. ఎవరికి ఎట్ల ఎక్కితే అట్లనే చెప్తారంట. మంచి మాటే గదా అనుకున్నాడు పాల్‌రాజ్. తనని కొట్టి కొట్టి చెప్పిన కాలానికీ దీనికీ ఎంత తేడా అని సంతోషపడినాడు గూడా.

ఆ సంతోషం నెల నిలవలేదు. పిల్లల్ని మూడు గుంపులు చేసి మూడు తావుల్లో వేసినారు. కంటి క్లాసు మేడమీద, గోడకి ఇంత పెద్ద టీవీ. చెవి క్లాసు కింద ఆఫీసు పక్కన. చేతి క్లాసు వెనకాల రేకుల షెడ్డులో. షర్మిల చేతి క్లాసు.

అదీ సరే అని ఊరుకున్నాడు. నిన్న సాయంత్రం షిఫ్టుకి చొక్కా తొడుక్కుంటా ఉంటే ఆ పిల్ల మెల్లిగా వచ్చి చెప్పింది.

"నాయనా, ఆరో తరగతిలో మా చేతి క్లాసుకి వేరే లెక్కల పుస్తకం అంట. పల్చగా ఉంటాది. బొమ్మలు జాస్తి. రేపు మీటింగులో పేర్లు ఖాయం చేస్తారంట. ఆ తర్వాత మార్చరంట."

అంతే. ఆ మాట పట్టుకుని రాత్రంతా మిషను తొక్కినాడు.

ఎందుకంటే ఆ పల్చటి పుస్తకం సంగతి పాల్‌రాజ్‌కి తెలుసు. తాను ఎనిమిదో తరగతిలో ఉండంగా పాఠం చెప్పే వాద్దియారు తన నాయనని పిలిపించి, "వీడికి చెయ్యి ఉంది, తల లేదు. ఏదన్నా పనిలో పెట్టు" అన్నాడు. నాయన దాన్ని తిట్టు అనుకోలేదు. పెద్దాయన నోట కొడుక్కి ఏదో ఒకటి ఉందని వచ్చింది గదా అని దండం పెట్టి పిలుచుకొచ్చినాడు. ఆ చేతినే అప్పట్నుంచీ ఒక కంపెనీ కాకపోతే ఇంకో కంపెనీ కాంట్రాక్టుకి తీసుకుంటా ఉండాది. పర్మనెంటు చేసిన పుణ్యాత్ముడు ఒకడు లేడు.

తిరుత్తణిలో దిగి ఇంటికి పోకుండా నేరుగా పళ్ళికూడానికి నడిచినాడు. మొక్కు కావిళ్ళు మోసుకుని కొండకి పోయేవాళ్ళు దావ నిండా అడ్డం. గేటు కాడ అత్త సెల్లమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉండింది. భార్య ఆరోగ్యమేరి కుట్టు కంపెనీలో శనివారం సెలవియ్యరు. తనకి బదులు తల్లిని పంపినట్టుంది.

"ముందు రెండు ఇడ్లీ తిను నాయనా. ఖాళీ కడుపుతో అరిస్తే గ్యాస్ పడతాది."

"నేను అరిచేదానికి వచ్చినానని నీకెవరు చెప్పినారు అత్తా?"

"మొహం చూస్తే తెలీడంలే? మేరీ గూడా చెప్పింది, ఆయన నోరు జారకుండా పక్కనే ఉండమ్మా అని."

"పక్కన ఉండు. నోరు మాత్రం మెదపబాక."

"నాకేం పని మాట్లాడేదానికి" అని కొంగు సర్దుకుని వెంట నడిచింది సెల్లమ్మ.

ఆఫీసుకి పోయేముందు వెనక్కి పోయి షెడ్డులోకి తొంగి చూసినాడు. పిల్లలు కింద చాపల మీద కూచోని రంగు రంగుల రిబ్బన్లు మడతలు పెడతా ఉండారు. షర్మిల మధ్యలో మోకాళ్ళ మీద కూచోని ఒక అట్టముక్క మీద ఏముందో గట్టిగా చదివి చెప్తా ఉండాది. పాల్‌రాజ్ పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటా పోయినాడు. ఆ తలకాయ పూలంగడి నటరాజ్ కొడుకు సుభాష్‌ది. ఆ జడలు వెల్డింగు షాపులో పనిచేసేవాడి కూతురివి. ఆ పక్కన రైల్వే గేటు కాడ ఇస్త్రీ చేసే ఆయమ్మ మనవడు. ఎవర్ని చూసినా తెలిసిన వీధులే. మేడమీదికి చూసినాడు. కిటికీలో ఫ్యాన్లు తిరగతా ఉండాయి. ఆ పిల్లల్ని దింపేదానికి వచ్చే కార్లు పొద్దున గేటు కాడ ఎట్ల నిలబడతాయో పాల్‌రాజ్‌కి తెలుసు.

రాత్రంతా మోసుకొచ్చిన కోపానికి అప్పుడు కాళ్ళొచ్చినాయి.

ఆఫీసులో కరస్పాండెంట్ సుదర్శనం బల్ల వెనకాల కూచోనుండాడు. పళ్ళికూడం ఆయనదే. బల్ల పక్కన చేతి క్లాసు టీచరు మనీష నిలబడి ఉండింది. పళ్ళిపట్టు పక్క ఊళ్ళో చెరుకు తోటలుండే ఇంటి పిల్ల, పెళ్ళి కాలేదు, గొంతు మెత్తన.

"కూచో పాల్‌రాజూ."

"పరవాలేదు సార్. నిలబడే చెప్తా. నా కూతుర్ని షెడ్డులో ఎందుకు పెట్టినారు?"

"అది షెడ్డు కాదప్పా. యాక్టివిటీ హాలు."

"రేకులు నాకు తెలుసు సార్. వానొస్తే టీచరమ్మ చెప్పేది వినపడతాదా మీకు? కూలోళ్ళ పిల్లలందరూ చేతి క్లాసు, కార్లలో వచ్చే పిల్లలందరూ కంటి క్లాసు. మా పిల్లలకి దేవుడు కండ్లు పెట్టలేదా?"

సుదర్శనం నవ్వినాడు. కోపం రాని మనుషుల్ని చూస్తే పాల్‌రాజ్‌కి ఇంకా మండుతాది.

"ఇందులో పైనా కిందా ఏం లేదప్పా. ఏ పిల్లకి ఏది ఎక్కుతాదో అది. మేము ఊరికే వెయ్యలేదు. ఇంట్లోవాళ్ళని అడిగే వేసినాము. ఏం మనీషా?"

"అవును సార్" అనింది మనీష.

"నన్నెవరు అడిగినారు? నా పెండ్లాన్నెవరు అడిగినారు?"

"జూన్‌లో పెద్దోళ్ళని ఒక్కొక్కరినే కూచోబెట్టుకుని అడిగినాను అన్నా. మీ ఇంట్లోంచి..." అని మనీష సెల్లమ్మ వైపు చూసింది.

సెల్లమ్మ డబ్బా ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకునింది.

"ఆయమ్మ చెప్పింది నాకు బాగా గుర్తుండాది" అనింది మనీష. "పాప ఇంట్లో ఏం చేస్తాది అంటే, నీళ్ళు పడతాది, ముగ్గేస్తాది, పూలు కడతాది, గిన్నెలు తళతళలాడేట్టు తోముతాది అనింది. పుస్తకం ఏమన్నా పట్టుకుంటాదా అని అడిగితే, అయ్యయ్యో, అట్లాంటి పిల్ల కాదమ్మా మా పిల్ల, అనింది."

పాల్‌రాజ్ వెనక్కి తిరిగినాడు. "అత్తా?"

"నన్ను నోరు మెదపద్దన్నావు గదా."

"ఇప్పుడు మెదుపు."

"అయితే విను. ఎవరన్నా వచ్చి ఆడపిల్లని గురించి అడిగితే ఏమని చెప్తారు? పొద్దస్తమానం పుస్తకంలో మొహం పెట్టుకోనుంటాది, పిలిస్తే పలకదు, అన్నం మాడినా తెలీదు అని చెప్తామా? ఈయమ్మ మంచి చీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని, కుర్చీలో కూచోబెట్టి కాఫీ ఇచ్చి అడిగింది. మీ అమ్మ మా మేరీని పెండ్లిచూపులకి వచ్చి అడిగినట్టే అడిగింది. అప్పుడు ఏం చెప్పినానో ఇప్పుడూ అదే చెప్పినా."

"అప్పుడు చెప్పింది అబద్ధమని పెండ్లయినాక తెలిసిందిలే."

"ఇప్పుడు చెప్పింది గూడా అంతే" అనింది సెల్లమ్మ, రవంత గూడా తగ్గకుండా. "మొన్న వడలు చుట్టిచ్చిన పేపరు గూడా వదల్లేదు. నూని మరకలోనించి చదవతా ఉండింది. ఆ సంగతి బయట చెప్పుకుంటే మనకేం మర్యాద?"

సుదర్శనం పగలబడి నవ్వినాడు. మనీష నవ్వలేదు. ఆమె మొహంలో ఏదో అప్పుడే అర్థమవతా ఉండాది.

"సార్, ఈయమ్మ ఒక్కతే కాదు" అనింది. "షెడ్డులో ఉండే పిల్లల ఇండ్లల్లో అందరూ ఇదే చెప్పినారు. మా వాడు పని దొంగ కాదు, మా పిల్ల చెయ్యి ఊరకుండదు అని. బజారు వీధి నుంచి వచ్చినోళ్ళేమో, మా వాడు గ్లాసు గూడా తియ్యడమ్మా, ఎప్పుడూ టీవీ, చూసిందల్లా పట్టేస్తాడు అని చెప్పుకున్నారు. నేను పిల్లల సంగతి అడుగుతా ఉండాను అనుకున్నా. వాళ్ళు ఇంటి పరువు చెప్పినారు."

"సరే సరే" అన్నాడు సుదర్శనం. నవ్వు ఆపి బల్ల మీద వేలితో కొట్టినాడు. "షర్మిలని పిలువు. దాన్నే అడిగితే పాయె."

షర్మిల వచ్చింది. వేలికి పచ్చ రిబ్బను చుట్టుకోనుండాది. నాయనని చూసి, అవ్వని చూసి, ఏం తప్పు చేసినానా అన్నట్టు నిలబడింది.

"చెప్పమ్మా. నీకు ఏ క్లాసు కావాల?"

"మేడమీద పుస్తకాలు ఉండాయి సార్. కింద మా టీచరు ఉంది."

"ఏదో ఒకటి చెప్పాల."

ఆ పిల్ల రిబ్బను విప్పి మళ్ళీ చుట్టుకునింది. "మూడింట రెండు అంటే నాకు పుస్తకంలో చదివినప్పుడు తెలీలేదు సార్. రిబ్బను మడిచినాక తెలిసింది. తెలిసినాక ఇంకా లెక్కలు చెయ్యాలంటే షెడ్డులో పుస్తకం లేదు. రెండూ ఇయ్యరా?"

"హోటల్లో ఇడ్లీతో వడ అడిగినట్టు అడగతాదే!" అన్నాడు సుదర్శనం. ఆ తర్వాత పాల్‌రాజ్ వైపు వంగి గొంతు తగ్గించినాడు. "చూడప్పా. పిల్ల తెలివైంది, ఒప్పుకుంటా. సోమవారం నుంచి మేడమీద కూచోబెడతా. పుస్తకం మందంగానే ఉంటాది. సంతోషమేనా? ఒకటే మాట, బయట ఎవరికీ చెప్పబాక. ఒకరికి చేస్తే అందరూ వస్తారు. పైన అన్ని బెంచీలు లేవు."

పాల్‌రాజ్ దేనికోసం వచ్చినాడో అది దొరికింది. దొరకదనుకుని తెచ్చుకున్న మాటలన్నీ నాలిక మీదనే ఉండిపోయినాయి. "సరే సార్" అన్నాడు. దండం గూడా పెట్టినాడు. పెట్టినాక తన చేతుల్ని తానే చూసుకున్నాడు. వాళ్ళ నాయన గూడా ఇట్లనే పెట్టినాడు.

బయట ముంగిట్లో చేతి క్లాసు తల్లిదండ్రులు పిలుపు కోసం ఎండలో నిలబడి ఉండారు. పూలంగడి నటరాజ్ ముందుకొచ్చినాడు.

"ఏమన్నా, ఏం చెప్పినారు? మావాడు ఆ షెడ్డు తప్పించుకోలేడా?"

"తెలీదు నటరాజూ" అన్నాడు పాల్‌రాజ్.

"పద, పద" అని సెల్లమ్మ వీపు మీద చెయ్యేసి తోసింది. "ఇచ్చినారు, తీసుకున్నాము. దిష్టి తగలకముందే ఇంటికి పద."

నడిచినాడు. షర్మిల చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిచినాడు. నటరాజ్ ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే పాల్‌రాజ్ ఇంకో అబద్ధం చెప్పి పోయేవాడు. వాడు ఊరుకునేసరికి పాల్‌రాజ్‌కి లోపల ఏదో గీకినట్టయింది. రాత్రినుంచీ రగిలిన కోపం అట్లనే ఉండాది. ఇచ్చేసినారు గదా, ఇంక దాన్ని యాడ పెట్టుకునేది? ఇంటికి తీసకపోయి మేరీ మీద చూపించాల్నా? గేటు కాడ నిలబడినాడు, నాలుగడుగులు వెనక్కి వేసినాడు, మళ్ళీ గేటు వైపు తిరిగినాడు. షర్మిల చెయ్యి విడిపించుకుని, "నాయనా, నొప్పి" అనింది.

"ఓ నటరాజూ!" అని అరిచినాడు అప్పుడు. వీధిలో పోయేవాళ్ళు గూడా తిరిగి చూసేంత అరుపు. "మా షర్మిలని మేడమీదికి మార్చినాడు! అడిగితే మారుస్తాడంట! ఎవరికీ చెప్పద్దన్నాడు! అందరూ పోయి అడగండి!"

"చచ్చినాము పో" అని సెల్లమ్మ నెత్తి కొట్టుకునింది. "నీ నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదురా నాయనా."

ముంగిట్లో వాళ్ళందరూ ఒక్కసారిగా ఆఫీసు వాకిట్లో పడినారు. లోపల కుర్చీ జరిగింది, గొంతులు లేచినాయి, తమిళమూ తెలుగూ కలిసిపోయి ఎవరు ఎవర్ని తిట్టేదీ తెలీకుండా పోయింది. కొంచేపటికి సుదర్శనం చెమట తుడుచుకుంటా బయటికి వచ్చినాడు. పాల్‌రాజ్‌ని చూసినాడు గానీ పేరు పెట్టి పిలవలేదు.

"అందరూ వినండి. కన్నూ లేదు, చెవీ లేదు, చెయ్యీ లేదు. సోమవారం నుంచి పోయినేటి మాదిరి ఏ సెక్షను, బీ సెక్షను. అందరికీ ఒకటే పుస్తకం. బోర్డు, చాక్‌పీసు. ఆ షెడ్డుకి ఇప్పుడే తాళం. పూసల్లేవు, రిబ్బన్లు లేవు. ఇంట్లో చేయించుకోండి ఆ ఆటలు. సంతోషమేనా?"

సంతోషమే. నటరాజ్ వచ్చి పాల్‌రాజ్‌ని కావలించుకుని ఊపినాడు. "మగాడివన్నా నువ్వు" అన్నాడు. వెల్డింగు ఆయన టీ తాగిస్తానన్నాడు. ఇస్త్రీ ఆయమ్మ ఏడ్చింది. పాల్‌రాజ్‌కి గూడా ఛాతీ రవంత పొంగింది.

సుభాష్ మాత్రం షెడ్డు వాకిలి పట్టుకుని నిలబడి, "అయితే రిబ్బన్లు సోమవారం లేవా టీచర్?" అని అడగతా ఉండాడు. మనీష చాపలు చుట్టి పెడతా ఉండింది. పాల్‌రాజ్ అటు పోయినాడు. ఒక మంచి మాట అంటుందేమో అనుకున్నాడు.

"ఏమ్మా, అందరికీ న్యాయం జరిగింది గదా."

"జరిగింది అన్నా" అనింది, తల ఎత్తకుండా. "తిరువళ్ళూరు ట్రైనింగులో మాకు చెప్పింది ఏందో తెలుసా? ఒకే పాఠాన్ని చూపించి, వినిపించి, చేయించి, అన్ని రకాలుగా అందరికీ చెప్పమని. పిల్లల్ని ముక్కలు చెయ్యమని కాదు. నేను వచ్చి చెప్తే సార్‌కి ఖాళీగా ఉండే మూడు గదులు కనబడినాయి. నాకు షెడ్డు ఇచ్చినాడు. సరే, ఇక్కడన్నా నేర్పించుకుంటా అనుకున్నా. ఈ సుభాష్‌కి పావు, ముప్పావు అంటే ఏడుపొచ్చేది. ఇప్పుడు నిద్రలో అడిగినా చెప్తాడు. సోమవారం నుంచి బోర్డు చూసి మళ్ళీ ఏడుస్తాడు."

"ముందే చెప్పుండొచ్చు గదమ్మా ఇదంతా."

"ఎవరికి? మీరు అరిచేదానికి వచ్చినారు. మధ్యలో నన్ను ఒక్క మాట అడిగినారా?"

పాల్‌రాజ్‌కి సుర్రుమనింది. ఈ చెరుకు తోటల పిల్ల నాకు చెప్పేదా అనుకున్నాడు. ఏదో అందామని నోరు తెరిచినాడు. షర్మిల షెడ్డులోపల అట్టముక్కలు ఏరి ఒక పెట్టెలో సర్దతా ఉండాది. వాచ్‌మన్ తాళం చేత్తో పట్టుకుని, "కానీండి మేడం, స్టోర్ రూములో పడేస్తే నా పని అయిపోతాది" అని తొందర పెడతా ఉండాడు.

పాల్‌రాజ్ తెరిచిన నోరు మూసుకున్నాడు. వంగి రిబ్బన్ల పెట్టె భుజానికెత్తుకున్నాడు.

"అయిదో తరగతి యాడ కూచుంటాది సోమవారం?"

"పోయినేటి మాదిరే మేడమీద" అనింది మనీష. "ఎందుకు?"

పాల్‌రాజ్ మెట్ల వైపు నడిచినాడు. వెనకాల వాచ్‌మన్, "అది స్టోర్ రూముకి, అది స్టోర్ రూముకి" అని తమిళంలో అరస్తానే ఉండాడు. ఆఫీసు వాకిట్లోంచి సుదర్శనం చూసినాడు.

"ఏమప్పా అది?"

"పిల్లల సామాన్లు సార్."

"యాడికి?"

"పిల్లలుండే తావుకి" అని ఆగకుండా ఎక్కేసినాడు. వెనకాల షర్మిల అట్టముక్కల పెట్టె మోసుకుని, దాని వెనకాల సెల్లమ్మ టిఫిన్ డబ్బాతో, "ఇంక ఈ పళ్ళికూడం గూడా అయిపోయింది మనకి, టీసీ ఇచ్చి పంపిస్తాడు చూడు" అని గొణుక్కుంటా ఎక్కినారు. చివర్లో మనీష వచ్చింది, చేతిలో చాపలు, మొహంలో భయం.

మేడమీద క్లాసులో అల్మారా నిండా రిమోట్లు, వైర్లు. పెట్టె పెట్టేదానికి చోటు లేదు. పాల్‌రాజ్ గది అంతా తిరిగి, చివరి బెంచీ కింద కాలితో తోసి పెట్టినాడు. బాగాలేదని బయటికి లాగి, టీచరు బల్ల కింద పెట్టినాడు.

"సోమవారం ఆయన చూసి తీసెయ్యమంటే?" అనింది మనీష.

"తీసెయ్యి."

"మళ్ళీ?"

"మళ్ళీ నేనొచ్చి అరస్తా. నాకొచ్చింది అదొక్కటే గదా." చెప్పినాక ఆమె నవ్వుతాదేమో అని చూసినాడు. నవ్వలేదు గానీ చాపలు కింద పెట్టింది.

షర్మిల పెట్టె మూత తీసి రిబ్బన్లు చూసుకుంటా ఉండాది. "టీచర్, పై పిల్లలు, కింద పిల్లలు అందరూ అంటే ఇవి చాలవు."

కింద సుదర్శనం మనీష పేరు పెట్టి పిలిచినాడు. ఇంకోసారి గట్టిగా పిలిచినాడు. మనీష వాకిలి దాకా పోయి, "వస్తా ఉండా సార్" అని వెనక్కి వచ్చింది. సొరుగులోంచి కత్తెర తీసి షర్మిల చేతికి ఇచ్చింది.

"సగానికి మడిచి కత్తిరించు. నేను ఆయనతో మాట్లాడేసి వస్తా."

"నేనూ రావాల్నా?" అన్నాడు పాల్‌రాజ్.

"వద్దన్నా" అనింది మనీష, మెట్లు దిగుతా. "మీరు రిబ్బను ఆ కొస పట్టుకోండి. అది జారిపోతా ఉండాది."